ఒంటిపూట మందు

నవంబరు 6, బుధవారం

అత్త ఎడమచేతి బొటనవేలు వాచిపోయింది. వాలుగ చేప ఎండు దవడనే దువ్వెనగా పట్టి దూదికి చిక్కు తీస్తుంటే దాని పళ్లు దిగాయట — నాలుగు రోజుల కిందట. నాతో ఒక్క ముక్క అనలేదు. పసుపు అద్ది, గుడ్డపీలిక చుట్టుకుని రాట్నం ముందు కూర్చుంది. ఇవాళ పీలిక విప్పిస్తే చీము. వాసన. కేకలేశాను.

"సేప పన్నే కదేటే, పులి పన్నా?" అంటుంది. డెబ్బై ఏళ్లొచ్చాయి, మొండితనం పోలేదు.

నవంబరు 7

ఊరి ఆస్పత్రిలో డాక్టరమ్మ చీము తీసి కట్టు కట్టింది. గొట్టం బిళ్లలు రాసింది. రోజుకి మూడు, ఏడు రోజులు. ఇంతకుముందు ఏ మందుకైనా దద్దుర్లు వచ్చాయా, ఆయాసం వచ్చిందా అనడిగింది. లేదన్నాం. మందుల కొట్లో అతను కవరు మీద మూడు గీతలు గీశాడు. "అన్నం తిన్నాకే ఎయ్యండమ్మా, కాళీ కడుపుతో వొద్దు" అన్నాడు.

అత్తకి కార్తీకమంతా ఒంటిపూట. దీపం పెట్టి, చుక్కని చూసి, అప్పుడు ముద్ద. పొద్దున్నా మధ్యాహ్నమూ తినని మనిషికి మందెలా ఇస్తాను? సాయంత్రం అన్నం తిన్నాక ఒకటి వేశాను.

నవంబరు 8

ఆయన డ్యూటీ నించి వస్తూనే — "అమ్మకి మందేసినావా?"

వేశాను అన్నాను. నిజమే కదా.

నవంబరు 9

లెక్క చూసుకున్నాను. రోజుకొకటి చొప్పున ఇరవై ఒక్క రోజులు వస్తాయి. ఎక్కువ రోజులు ఒంట్లో ఉంటే మంచిదేలే. దాదాపు నెల ఆఖరు దాకా అత్తకి రక్ష.

నవంబరు 10

వాపు తగ్గింది. సలుపు లేదంటోంది. వద్దంటున్నా వినకుండా వడకడానికి దూది ఏకు పట్టుకుంది. నూలు ఎప్పటిలాగే వెంట్రుకలా వచ్చింది. నా నూలు ఈ జన్మకి అలా రాదు.

పక్కింటి వరాలు వచ్చింది. పన్ను నొప్పట. "వదినా, మీ అత్తకి తగ్గిపోనాది కదా, ఆ బిళ్లలు రెండు ఇయ్యీ." ఇవ్వలేదు. అత్తకి రాసిన మందు నీకెలా ఇస్తాను, పోయి చూపించుకో అన్నాను. మూతి ముడుచుకుని వెళ్లింది. వెళ్లనీ.

నవంబరు 11, సోమవారం

ఉపవాసం. రెండు అరటిపళ్లు, గ్లాసుడు పాలు. అన్నం లేదు గనక మందూ లేదు.

నవంబరు 12

వేలు మళ్లీ ఎర్రబడింది. నూలు లాగడం వల్లేమో... మందు ఇచ్చాను.

నవంబరు 13

జ్వరం. ఎరుపు మణికట్టు దాకా పాకింది. "సలి, పిల్లా, దుప్పటి కప్పు" అంది. అత్త నన్ను ఏదైనా చెయ్యమని అడగడం నాకు గుర్తులేదు. భయమేసింది.

నవంబరు 14

డాక్టరమ్మ కవరు తెమ్మంది. గుమ్మరించింది. పదిహేను.

"ఇవాళ్టికి అయిపోవాలి కదమ్మా. ఇన్ని ఎందుకున్నాయి?"

నోరు తెరిచాను. నాకంటే ముందే అత్త — "నానే ఏసుకోలేదమ్మా. ఈ పిల్ల ఇస్తే తిరిగి ఉమ్మీసినాను. సేదు."

ఆయన నా పక్కనే ఉన్నారు. తల్లిని తిట్టారు. డాక్టరమ్మా తిట్టింది. అత్త గోడకేసి చూస్తూ కూర్చుంది. నేను సంచీ సర్దుతున్నట్టు వంగున్నాను. సిగ్గులేని దాన్ని. డాక్టరమ్మ వెంటనే శ్రీకాకుళం పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మని చీటీ రాసిచ్చింది.

నవంబరు 15

శ్రీకాకుళం. అత్తని చేర్చుకున్నారు. పెద్ద డాక్టరు చీటీ చదివాడు.

"ఒక్కటీ వేసుకోలేదు, అంతేనా? అయితే మందు పని చెయ్యకపోవడం కాదు. అదే మందు సూదిలో మొదలుపెడదాం."

అదే మందా! అత్త కళ్లతోనే చెప్పొద్దంటోంది.

"ఆరు ఏసుకుంది సార్. ఉమ్మలేదు. రోజుకొకటి నేనే ఇచ్చాను. ఒంటిపూట ఉంది... తిన్నాకే అన్నారు కదా అని."

ఆయన నావైపు తిరిగారు.

డాక్టరు చీటీ కింద పెట్టాడు. కోప్పడతాడనుకున్నాను. నెమ్మదిగానే చెప్పాడు — తిన్నాక అన్నది కడుపులో మంట పుట్టకుండా. పాలో, అరటిపండో, రెండు ఇడ్లీలో చాలు. రోజుకి మూడంటే ఎనిమిదేసి గంటలకొకటి, మధ్యలో ఖాళీ వస్తే పురుగు మళ్లీ లేస్తుంది. తగ్గిందనిపించినా ఆపకూడదు. ఉపవాసమని చెప్పి ఒక్క మాట ముందే అడిగి ఉంటే వేళలు సర్ది రాసేవాళ్లం కదమ్మా.

ఒక్క మాట. కొట్లో అంతసేపు నిల్చున్నాను. అడగలేదు. సోమవారం పాలూ అరటిపళ్లూ నా చేత్తోనే ఇచ్చాను.

మందు మార్చాడు. చీము పరీక్షకి పంపాడు. అందులో పురుగు ఏ మందుకి లొంగుతుందో తెలియడానికి రెండు మూడు రోజులు పడుతుందట.

నవంబరు 16

ఆయన నాతో మాట్లాడటం లేదు. ఫ్లాస్కు కింద పెట్టి వరండాలోకి వెళ్లిపోతున్నారు.

అత్త మాత్రం నామీద విరుచుకుపడింది. "నింద నాను మోస్తన్నాను కదే, నీకెందుకా నోరు? ఆడు ఇప్పుడు నిన్ను బతకనిస్తాడేటి?"

"నువ్వు బతకాలి కదత్తా" అన్నాను. ఏడుపొచ్చేసింది. అక్కడే, అందరి ముందూ.

కాసేపటికి — "ఇడ్లీ ఏదే, పెట్టు. శివుడికి నాను సెప్పుకుంటాను." కార్తీకంలో పొద్దున్నే తింది. తుంచి నోట్లో పెట్టాను.

నవంబరు 17

జ్వరం తగ్గింది. ఎరుపు మణికట్టు దగ్గర ఆగింది. గోరు చుట్టూ మాత్రం నల్లగా...

"ఈ ఏలు లేకపోతే ఏకు ఏటితో పట్టుకోవాలే?" అనడిగింది. దుప్పటి సర్దాను. అరవై ఏళ్లుగా ఆ వేలితోనే.

నవంబరు 18, సోమవారం

పరీక్ష కాగితం వచ్చింది. మొదటి మందుకి లొంగదట. ఇప్పుడిస్తున్న దానికి లొంగుతుంది. నిజం చెప్పడం మంచిదైందమ్మా అన్నాడు డాక్టరు. అయినా వేలి మొదటి కణుపులో రక్తం ఆడటం లేదు. రేపు పొద్దున్న విప్పి చూస్తారు. బాగులేకపోతే అప్పుడే తీసేస్తారు. ముందే సంతకం కావాలి.

నర్సమ్మ కాగితం ఆయనకిచ్చింది. అంతా చదివారు. తెచ్చి నా ఒళ్లో పడేశారు. మూడు రోజుల తర్వాత మాట్లాడారు.

"మందేసినదానివి నువ్వే. సంతకం కూడా నువ్వే పెట్టు."

కలం నా చేతిలోనే ఉంది. దానితోనే ఇది రాస్తున్నాను. అక్కడ సంతకం ఇంకా పెట్టలేదు.

అత్త ఇటు ఒత్తిగిల్లింది. "ఏటి కాగితమే అది?" అని అడుగుతోంది.