పేరుమోసిన ఎత్తు

సోమవారం, ఉదయం 6:00
నిర్ణయం! చదరంగంలో ఆట మొదలుపెట్టే పద్ధతులకు ఎన్నెన్ని పేర్లో! రోజుకొక పేరు ఎలా పుట్టిందో తెలుసుకుంటాను. ఆ రోజు అదే ఆడతాను. పెళ్లయిన నాటి నుంచి పక్క వాటా మామగారి చేతిలో ఓడిపోతూనే ఉన్నాను. నేను తెల్లమొహం వేసే తీరుకు ఆయన ‘అల్లుడి ఆరంభం’ అని పేరు కూడా పెట్టారు. వచ్చిన చుట్టాలందరికీ చెబుతారు. ఆదివారం గెలిస్తే పేరు మారుస్తానన్నారు.

సాయంత్రం
గాంబిట్! కుస్తీలో కాలు అడ్డం పెట్టి పడేయడమనే ఇటాలియన్ మాట నుంచి వచ్చిందట. ఎరగా బంటునిచ్చాను. తీసుకున్నారు. ఇంకోటిచ్చాను. అదీ తీసుకున్నారు.
“అల్లుడూ, కాలు అడ్డం పెడుతున్నావా, కాళ్ల మీద పడుతున్నావా?”
ఓటమి. మొదటి రోజే కదా!

మంగళవారం
డ్రాగన్! బంట్ల వరుస ఆకాశంలో ఆ పేరున్న నక్షత్రాల గుంపులా ఉంటుందట. నాకు కనిపించలేదు. కళ్లజోళ్ల కొట్టు నాదే కనుక, బాగుచేయమని ఇచ్చినవన్నీ ఒక్కొక్కటే పెట్టుకుని చూశాను. ఒకదాంట్లో నాకు ఇద్దరు మంత్రులు కనిపించారు. ఆ లేని మంత్రితో చెక్ చెప్పాను. ఓటమి.

బుధవారం
ఒరాంగుటాన్! వెనకటికో ఆటగాడు జూలో ఆ పేరున్న తోకలేని పెద్ద కోతిని సలహా అడిగి ఆడాడట. జూకి వెళదామని మా ఆవిడతో అన్నాను.
“ఇంట్లో మీరుండగా జూ దండగండీ.”
మూడ్ పోయింది. ఆట లేదు.

గురువారం
‘వేయించిన లివర్’ దాడి. నిజంగానే పేరు. చదువుతుంటే ఆకలేసింది. వేయించుకుని తిన్నాం. పడుకున్నాను.

శుక్రవారం
కొట్లో ఊపిరాడని రద్దీ. ఇద్దరొచ్చారు.

శనివారం
పేర్లతో కడుపు నిండుతుందా? నిర్ణయం రద్దు. కానీ రేపు ఓడితే ‘అల్లుడి ఆరంభం’ చచ్చేదాకా నా మెడకు వేలాడుతుంది. భయంగా ఉంది.

ఆదివారం
గడియారం పెట్టుకుని ఆడాం. ఎవరి సమయం అయిపోతే వాళ్లు ఓడినట్టు. ధైర్యం కోసం సిసిలియన్ అనే ఆరంభం పేరు పుట్టుక చెప్పడం మొదలుపెట్టాను. ఆ ద్వీపం, అక్కడి మతగురువు, ఆయన రాసిన పుస్తకం, దాన్ని తర్జుమా చేసినాయన... మామగారి వంతు. కదలరు. ఆలోచిస్తున్నారనుకున్నాను. గురక! ఆపితే లేస్తారని చెబుతూనే ఉన్నాను. ఆయన సమయం అయిపోయింది.

గెలిచాను! కళ్లలో నీళ్లు తిరిగాయి. మామగారు లేచి గడియారం చూశారు.
“మాటంటే మాటే అల్లుడూ. పేరు మార్చాను. ఇక నుంచి దాని పేరు ‘జోలపాట ఆరంభం’.”

రేపు ఆరింటి నుంచి నిర్ణయం మళ్లీ మొదలు! రోజుకొక పేరు. ఈసారి ఇంకా వివరంగా చెబుతాను.