కర్ర కొస మీద చూపు

ఎర్రయ్య బావా,

నువ్వు పోయి ఈరోజుకి ఏడాది. పొద్దున్నే నీ కూతురు చిన్నమ్మి కర్రసాము నేర్పమంటూ నీ కర్ర పట్టుకుని ఇసకలోకి వచ్చేసింది. మా అక్క వద్దనలేదు. గుమ్మంలోనే నిలబడిపోయింది.

నీకు నేర్పిందీ నేనే కదా. "సూపు కర్ర కొస మీదే ఉంచు బావా, పక్కన పిడుగు పడినా తల తిప్పకు" అనేవాణ్ణి. తిప్పితే మోకాలి మీద కొట్టేవాణ్ణి. అమ్మవారి పండగల్లో నిన్ను ఓడించినవాడు లేడు.

ఆ రోజు రేవులో ఉక్కునగరానికి వచ్చిన ఇనప దూలాలు దింపుతున్నాం. నువ్వు నీ ముందు దిగుతున్న దూలం మీదే చూపు నిలిపావు. ఎడంపక్క నుంచి ఇంకో క్రేను దూలం ఊగుతూ వచ్చింది. అందరం అరిచాం. నువ్వు తల తిప్పలేదు.

అందుకే పిల్లకి వేరేగా నేర్పుతున్నాను. చూపు నా గుండెల మీద ఆనీ ఆనకుండా ఉంచాలి, దెబ్బ కాచుకుంటూనే చుట్టుపక్కల ఏముందో చెప్పాలి.

"కుడేపు ఏటుంది?" అన్నాను కర్ర విసురుతూ.

"తెప్ప. దాని మీద రెండు కాకులు." దెబ్బ కాచుకుంది.

"ఎడమేపు?"

"ఏటీ లేదు మావా. అయ్య నిలబడే సోటు, కాళీగా ఉంది."

నేను తల తిప్పి అటు చూశాను. నీ కర్ర నా మోకాలి మీద పడింది.