మా అక్క ప్రార్థన మనవి

అల్ఫారెట్టా, అమెరికా,
అక్టోబరు 2009

అయ్యగారికి ప్రభువు పేరట వందనాలు.

పోయిన ఆదివారం ప్రార్థన మనవుల సమయంలో మా అక్క సుగుణమణి లేచి, గుండె మీద చెయ్యి వేసుకుని, "అయ్యగారూ, ఈ నెలాఖర్లో నాకు గుండె ఆపరేషన్. ప్రార్థన చెయ్యండి" అంది. సంఘమంతా నవ్వింది. మీరు కూడా కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు.

ఇందులో ఎవరినీ అనడానికి లేదు. అక్క సినిమాల్లోనూ, తర్వాత టీవీ సీరియళ్ళలోనూ వేసినవన్నీ గయ్యాళి అత్త వేషాలే. కోడలు ఎదురు చెప్పగానే గుండె మీద చెయ్యి వేసుకుని సోఫాలో పడిపోయేది. జనం నవ్వారని ప్రతి సినిమాలోనూ అదే చేయించారు. ఇప్పుడు నిజంగా నొప్పి వచ్చినా చెయ్యి అలాగే వెళ్తుంది.

ఆరాధన అయ్యాక మన సంఘంలోని జోసఫిన్ అక్క దగ్గరికి వచ్చి, "ఆంటీ, ఇంకోసారి చెయ్యరా ప్లీజ్, పిల్లలకి వీడియో తీస్తాను" అంది. అక్క చేసింది.

కారులో సంతోషంగానే ఉంది. "ఇంత దూరం వచ్చినా నన్ను మర్చిపోలేదు, చూశావటే!" అంది. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ, "ఇంతకీ ప్రార్థన చేశారా?" అని అడిగింది. నేను అన్నం పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఈ ఆదివారం ఆమెను లేపకండి అయ్యగారూ. మనవి మీరే చెప్పండి. పేరు మాత్రం వద్దు, వింటే మళ్ళీ నవ్వుతారు. "మన సంఘంలో ఒక సహోదరి" అంటే చాలు. దేవునికి ఎవరో తెలుసు.

ఇట్లు,
సుగుణమణి చెల్లెలు