దసరాకు కడిగిన కొడవలి

తార్నాక, ఆదివారం

వనజా, నా మనవడు రంజిత్ అప్పీలు హైకోర్టు విచారణకు తీసుకున్నది. కాబట్టి ముందు ఏడుపు ఆపు, తర్వాత ఈ కార్డు చదువు.

మన వకీలు స్వరూప ఆఫీసులో దొరకదు. అందుకే నిన్న యూనివర్సిటీలో, పొద్దుటి నడకలో పట్టుకున్నాను. కొడవలి చూపించి పెట్రోలు బంకు దోచిన మర్నాడే మనింట్లో కడిగిన కొడవలి దొరికిందనీ, ఆనవాళ్లు పోగొట్టామనీ కదా వాడికి శిక్ష వేశారు.

"మీ కోడలు ఎందుకు కడిగిందో కోర్టుల ఎవరూ చెప్పలేదేందమ్మా?" అన్నది.

"ఆ రోజు దసరా. పనిముట్లు కడిగి పూజ చేస్తరని జడ్జిగారికి తెల్వదా బిడ్డా?"

"ఇంట్ల తెలుస్తది. కోర్టుల మాత్రం ఎవరన్న చెప్తెనే తెలుస్తది."

పోలీసులు అడిగితే నువ్వు "కడిగిన" అని ఊరుకున్నావు. అంత పొదుపు ఉప్పు విషయంలో చూపిస్తే బాగుండేది.

ఆ పొద్దు మన పనిముట్లకు బొట్లు పెట్టింది పక్కింటి రాములవ్వే. ఆమెను సాక్షిగా పిలవాలని స్వరూప పిటిషన్ వేస్తున్నది. వచ్చే సోమవారం తోలుకొని రా. సీతాఫల్‌మండి స్టేషన్లో దిగండి, నేనుంటాను. కొత్త చీర కట్టుకొమ్మను, కొత్త మాటలు మాత్రం వద్దను.

నా కొడుకు బీపీ గోళీలు మింగుతున్నాడా? బర్రె ఈనిందా?

ఈసారి దసరా పూజే వద్దన్నావట. చెయ్యి. గొడ్డలి, పార అన్నీ వాకిట్లోనే కడుగు, వాడకట్టంతా చూడనీ. అందరికీ నా దీవెనలు, రాములవ్వకు కాస్త ఎక్కువ. కొడవలి పెట్టే చోటు ఖాళీగా ఉంచు. అది వాడితోపాటే ఇంటికి రావాలి.

మీ అత్త,
సారలమ్మ