ఊపిరి బిగబట్టే అలవాటు

శనివారం, రాత్రి

నడుంనొప్పికని కోడలు చేర్పించిన పిలాటిస్ వ్యాయామం క్లాసులో ఈ రోజు కాలెత్తగానే టీచరమ్మ ఆపింది.

"సామీ, మళ్లీ ఊపిరి బిగబట్టినారు. మెల్లగా వదలతా ఎత్తండి. జోరు కాదు, అదుపు కావాల."

పక్క చాపమీదాయన నవ్వాడు. "ఈయప్ప ప్రసంగమూ అంతే గదమ్మా, బిగబట్టి అరిసేదే!"

నిజమే. మనసును, శ్వాసను అదుపు చేయమని అలిపిరిలో తిరుమల మెట్లెక్కే జనాన్ని ఆపి, మైకు లేకుండా గద్దిస్తూ ప్రవచనం చెబుతుంటాను. గర్జిస్తే నడుం పట్టేస్తోంది. మెల్లగా చెబితే ఎవరు ఆగుతారు?

సాయంత్రం ఊపిరి వదులుతూ, నెమ్మదిగా ఒక శ్లోకం చదివి చూశాను. నొప్పి రాలేదు. అర్థం కూడా కొత్తగా తోచింది. ఇంతలో మా ఆవిడ వంటింట్లోంచి పరుగున వచ్చి నుదుటిమీద చెయ్యి పెట్టింది.

"ఏందయ్యా, జరమొచ్చిందా?"

ఆమెకే ఆ గొంతు నాదనిపించలేదు. రేపు అలిపిరిలో ఈ మెల్లని గొంతుకే ఎవరైనా ఆగుతారేమో చూడాలి.