వరహాలమ్మ నా తల్లి కాదు

రాయపూర్,
9-8-2023

జిల్లా ఆరోగ్య బీమా అధికారి శ్రీమతి శ్రీలక్ష్మి గారి సముఖమునకు, ఉర్లాలో వెల్డింగు పని చేయు బొడ్డేపల్లి సూర్యారావు వ్రాసుకొను అర్జీ.

విషయం: ఆరోగ్య బీమా కార్డులో నా భార్య వరహాలమ్మను మొదట నా తల్లిగాను, పిమ్మట మృతురాలిగాను నమోదు చేసినది సరిచేయు విషయమై.

అయ్యా,

తమరు ఆడవారని తెలిసే అయ్యా అని వ్రాసితిని. ఇటువంటి చోట వ్రాయవలసిన ఆ రెండో మాటకు నా చెయ్యి రాలేదు. కారణము దిగువ మనవి చేయుచున్నాను. లోగడ హిందీలో మూడు అర్జీలు ఇచ్చితిని. మూడింటికీ ముద్ర వేసిరి, జవాబు మాత్రం లేదు. మొన్న తమ గది బయట బోర్డు మీద తమ ఇంటిపేరు చూసి, మనవాళ్లే అని ప్రాణం లేచొచ్చి తెలుగులో వ్రాయుచున్నాను. ఈ తప్పు తెలుగు మాటలోనే పుట్టినది గనుక తెలుగువారికే బోధపడును.

1. మాది టెక్కలి దగ్గర పల్లె. ఉర్లా వచ్చి ఇరవై ఆరేళ్లు. నిరుడు కార్డు కొరకు మా బస్తీలో సర్కారు కాగితాలు కంప్యూటరుకు ఎక్కించే చాయిస్ సెంటరుకు పోయితిమి. నా భార్య గుమ్మం దగ్గరే ఆగిపోగా, "వరహాలమ్మా, ఇలా రా, వేలు పెట్టు" అని కేక వేసితిని. అక్కడి ఆపరేటరు ధనుంజయ్ మా బస్తీవాళ్ల మధ్య తిరిగి తెలుగులో ఒక్క ముక్క నేర్చినాడు. అమ్మా అంటే తల్లి. నా కేక విని సంబంధం గడిలో తల్లి అని కొట్టినాడు. ఆమె నాకంటే ఆరేళ్లు చిన్నది. కంప్యూటరుకు అభ్యంతరం కలుగలేదు. కార్డు మీద పేరు, ఫొటో బాగానే ఉన్నాయి. సంబంధం మాత్రం లోపలెక్కడో ఉంటుందట, మాకు కనబడలేదు. ఇల్లు అలకగానే పండుగ అనుకున్నాం.

2. ఈ జూన్ నెల నుండి ఆమెకు నాలుగడుగులు వేస్తే ఆయాసము. గుండెలో కవాటం పాడైనదని, ఈ నెల 23న ఆపరేషన్ అని పెద్దాసుపత్రి డాక్టరు వ్రాసి ఇచ్చినారు. కార్డు చూసే కౌంటరులో ఆపినారు. ఆధార్‌లో భర్త సూర్యారావు, కార్డులో కొడుకు సూర్యారావు, ఇద్దరూ ఒకడే అయితే ఇది ఫర్జీ, అనగా దొంగ కార్డు అన్నారు. చేతి నుండి పెట్టుకొని చేయించు స్తోమత నాకు లేదు.

3. సంబంధం మార్చుటకు వీలు లేదనియు, తల్లిని తీసివేసి భార్యగా మళ్లీ ఎక్కించవలెననియు ధనుంజయ్ చెప్పినాడు. తల్లిని తీసివేయుటకు కంప్యూటరులో రెండే కారణాలు: పెళ్లి, చావు. పెళ్లి అని పెట్టమన్నాను. ఎవరితో అన్నాడు. నాతోనే అన్నాను. అతడు మౌసు వదిలేసి నా ముఖం చూసినాడు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

4. ఇక్కడ తప్పు నాది. దాచను. నా కన్నతల్లి అప్పలనరసమ్మ పద్నాలుగేళ్ల కిందట కాలం చేసింది. ఆమె మరణ పత్రం పెట్టెలో ఉంది. తల్లి పోయిన మాట నిజమే కదా, అబద్ధం కాదు కదా అని నాకు నేనే సర్ది చెప్పుకొని ఆ కాగితం ఇచ్చి సంతకం పెట్టాను. పేరు వేరైనా చివర అమ్మ ఉంది, చాలన్నారు సెంటరులో. నాలుగు రోజుల్లో తల్లి పేరు పోయింది. దానితో పాటు నా భార్య ఆధార్ నంబరు కూడా చచ్చిపోయింది. కొరివితో తల గోక్కున్నాను. ఇప్పుడు భార్యగా ఎక్కించబోతే ఈ వ్యక్తి మరణించినది అని ఎర్ర అక్షరాలు వస్తున్నాయి.

5. వేలిముద్ర వేయిస్తే మిషను తీసుకోలేదు. బతికి ఉన్నట్టు ఆసుపత్రి నుండి రాయించుకు రమ్మన్నారు. ఆసుపత్రిలో చేరినవాళ్లకే రాస్తామన్నారు. చేరాలంటే కార్డు కావాలి.

6. సోమవారం ఆమెనే ఆటోలో తెచ్చి తమ ఆఫీసు కింది అంతస్తులో బల్ల ముందు నిలబెట్టాను. ఆమె రొప్పుతుంటే గుమాస్తా లేచి తన కుర్చీ ఇచ్చాడు, మంచినీళ్లు తెప్పించాడు. మంచివాడే. కానీ బతికి ఉన్నట్టు రాసే అధికారం తనకు లేదన్నాడు. ఆమె నీళ్లు తాగి, గ్లాసు కడిగి ఇచ్చి వచ్చింది.

కావున తమరు దయయుంచి 23వ తేదీ లోపల పై తప్పు సరిచేయించి, ఆమెకు ఆపరేషన్ జరుగునట్లు ఉత్తర్వులు దయచేయించవలెను. ఆ తేదీ దాటితే మళ్లీ తేదీ వచ్చేదాకా గుండె తట్టుకుంటుందన్న భరోసా లేదని డాక్టరు చెప్పారు. తప్పు కాగితం ఇచ్చినందుకు ఏ శిక్ష వేసినను నాకు సమ్మతము. ఆమెకు వేయవద్దు. ఈ మొర ఆసాంతం చిత్తగించవలెనని వేడుకొను,

తమ విధేయుడు,
బొడ్డేపల్లి సూర్యారావు
(వరహాలమ్మ భర్త)

తా.క. ఇది ఆమెకు చదివి వినిపించాను. పడుకుంటే ఊపిరి ఆడక గోడకు చేరబడి కూర్చుని వింది. "ఏటయ్యా, ఇంత పొడుగు రాసినావు? ఆవిడికి చదవడానికి టైం ఉండొద్దా? నువ్వు పరేషాన్ అవకు. రేపు నాను నిజంగా పోతే కాగితం కోసం నువ్వు లైన్లో నిలబడక్కర్నేదు, అది ముందే తయారయిపోనాది" అంది. నన్ను నవ్వించాలనే అంది. నాకు నవ్వు రాలేదు. ఆ కాగితం మీద సంతకం నాది.

పైన అయ్యా అని రాసినది కొట్టివేసినట్టే అనుకోండి. అమ్మా, నా వరహాలమ్మ బతికే ఉంది. ఆ ఒక్క మాట మీ చేత్తో రాయండి.