సముద్రానికి మొదటి ముద్ద

ఒరే అప్పన్నా,

నువ్వు నా నంబరు బ్లాక్ చేసి నేటికి ఏడాది. ఇది నీకు చేరదని తెలిసే రాస్తున్నాను.

పొద్దున మన రఫీ భాయ్ తన ఫోను నా ముఖం ముందు పెట్టాడు. "చూడబ్బా, నీ దోస్తు బార్బడోస్‌లో ఎట్ల కులుకుతాండాడో!"

మనిషెత్తు కెరటాలు. పళ్లెంలో వేయించిన ఎగిరే చేప, కాల్చిన సీమపనస. ఓడలో వంటపని బాగానే కలిసొచ్చిందన్నమాట. ఆ కెరటాలు నువ్వే ఉంచుకో. నీ పక్కనున్న ఆ ఊరివాడిని చూసే నాకు కడుపు మండింది. వాడు నీలాగే వంగి, మొదటి ముద్ద సముద్రానికి వేస్తున్నాడు.

ఇక్కడ సౌదీలో, జుబైల్ ఒడ్డున ప్రతి శుక్రవారం నువ్వు నన్ను వెయ్యమన్న ముద్ద అది. "సముద్రానికి ఆకలేమిట్రా? ఆకలి కూలివాడిది!" అని కరపత్రం చదివినట్టు అరిచేవాణ్ణి. జీతాల కోసం అందరం కలిసి నిలబడదామనుకున్న వేళ నువ్వు ఓడెక్కుతానంటే, మెస్‌లో నలుగురి ముందూ ద్రోహివన్నాను.

అయినా వాడికెందుకు నేర్పావురా?

మధ్యాహ్నం మన ఒడ్డునే హమూర్ చేప పులుసు వండాం. ఎవరూ చూడకుండా మొదటి ముద్ద తీసుకెళ్లి తడి ఇసుకలో పెట్టాను. తీరా చూస్తే నీళ్లు ఎక్కడో వెనక్కి పోయి ఉన్నాయి. పోటు ఎప్పుడో చూసుకుని వండేవాడివి నువ్వు, నాకేం తెలుసు? ఇంతలో పక్షులు దిగాయి.

"ఏంది సామీ, సముద్రానికి కాపలానా? కూడు చల్లారిపోతాంది, రా!" అని రఫీ భాయ్ కేకేశాడు.

నీళ్లు వచ్చి ఆ ముద్దను తీసుకునేదాకా, పక్షుల్ని తోలుతూ అక్కడే నిలబడ్డాను.